వలెను

మక్తల్ తహసీల్ ఆఫీసు ఎదురుంగ
జిరాక్స్ దుకాణం మెట్ల మీద నా బల్ల.
ఇరవై రెండేండ్ల సంది అర్జీలు రాస్త.
అన్నీ ఒక్కతీర్గనే మొదలైతయి:
"మహారాజశ్రీ అయ్యగారి దివ్యసముఖమునకు."
ఆఖర్ల "దయతలచి" అని రెండుసార్లు.
రెండోదానికి పైసలు తీసుకోను.

ఉశేనమ్మ వచ్చి
కొంగుల మూటగట్టిన జాబ్ కార్డు బల్ల మీద పెట్టింది.
చెరువు పూడిక తీసి నలభై ఒక్క దినాలు.
కూలి పడలే.
ఆమె లెక్క క్యాలెండర్ల లేదు,
పొయ్యి ఎనుక గోడ మీద, బొగ్గు గీతలల్ల ఉంది.

చట్టం పుస్తకం తీసి సదివిన:
"పదిహేను దినములలోపల చెల్లింపవలెను."
"యాడుంది ఆ మాట?"
చూపెట్టిన. వ, లె, ను.
మట్టి ఎండిన వేలు దాని మీద పెట్టి తియ్యలే.
"ఇది ఎవలు రాసిర్రు?"

ఢిల్లీల, అన్న.
రాసుడంటే ఒక్కలు గాదు.
ముందుగాల పేరు సదువుతరు.
మళ్ల కమిటీల కూసోబెట్టి
బియ్యంల రాళ్లేరినట్టు మాట మాట ఏరుతరు.
ఒకలు "చెల్లింపవచ్చును" సాలు అంటరు,
ఒకలు "వలెను" లేకుంటే ఇది చట్టమే గాదంటరు,
ఆ రెండు తోకల నడుమ
ఎన్ని గొంతులు పగిలినయో నాకు తెల్వదు.
మూడోసారి సదివినంక
అవునన్నోళ్లను, కాదన్నోళ్లను లెక్కవెడతరు.
ఇంకో సభ ఒప్పుకోవాలె.
రాష్ట్రపతి దస్కతు పడాలె.

"మూడుసార్లు సదివిర్రా!
ఈడ మా ఫీల్డ్ అసిస్టెంటు
ఒక్కసారి గూడ సదువలేదేమో."

అట్లయితే సర్కారును అడిగెటోళ్లు లేరా, అన్నది.
ఉన్నరు. సభ నడిచే దినాలల్ల
ఒక గంట ప్రశ్నలకే.
మంత్రి లేసి నిలబడాలె.
"నిలబడాలెనా?"
నిలబడాలె.
"మంత్రేనా?"
మళ్లొకసారి చెప్పించుకున్నది,
తహసీల్ వరండాల తను నిలబడ్డ దినాలన్నీ
ఒక్కొక్కటే కూసోబెట్టుకుంటున్నట్టు.

పత్తి మిల్లు కాడ కాంటా ముందు చూసిన ఆమెను.
ముల్లు ఆగేదాక కదలదు.
సేటు "నమ్మకం లేదా అమ్మా" అంటే
"నమ్మకం ఉంది, ముల్లు ఆగనియ్" అంటది.

ఎంపీకి రాసినం. నంబరు పడ్డది.
చుక్క లేని ప్రశ్న;
దానికి మంత్రి లేవడు, కాయితం ఇస్తడు.
ఈ సంగతి ఆమెకు చెప్పలే.
చలికాలం జవాబు వచ్చేటాళ్లకు
బొగ్గు గీతలు పొయ్యి దాటి దర్వాజ దాక పాకినయి.

"(క) నుండి (ఘ) వరకు:
సమాచారము సేకరించబడుచున్నది.
సభ సమక్షమున ఉంచబడును."

నేను కాయితం మడిచిన.
ఆమె మడవనియ్యలే.
"ఉంచబడును అన్నరు గద. అది గూడ మాటే గద.
యాది వెట్టుకునేటోళ్లున్నరా?"

ఉన్నరు. దానికే ఒక కమిటీ.
సర్కారు సభల ఇచ్చిన మాటలన్నీ వరుసగ రాసుకొని
తీరినయా, తీరలేదా అని
ఏండ్లకేండ్లు ఎంటవడి అడుగుతది.
ఉశేనమ్మ నవ్వుడు అప్పుడే చూసిన.
"అంటే ఆడ గూడ పొయ్యి ఎనుక గోడ ఉందన్నట్టు."

ఇంకో తెల్లకాయితం తీసిన.
చెయ్యి తనంతల తనే పోతాంది.
ఆమెకు అక్షరాలు రావు,
కని నా మెడ వంగుడు కనిపెట్టింది.
"ఏం రాసినవ్ ఇప్పుడు?"
దయతలచి.
"ఆ పుస్తకంల ఉందా ఆ మాట?"
లేదు.
"కొట్టెయ్."

కొట్టేసిన.
ఆ జాగల ఏం రాయాలెనో తోచక
కలం మూతి ఆరేదాక కూసున్న.
రాయచూరు బస్సు దుమ్ము లేపుకుంట పోయింది.
ఆమె మెట్టు మీద నుంచి లేవలే.
ముల్లు ఇంక ఆగలే.