అరవై రెండో పక్కటెముక

రౌమా రేవులో ఫిబ్రవరి.
మంచు పగలగొట్టే ఓడ పొట్టలోకి
మోచేతుల మీద పాకుతూ వెళ్ళాను,
నుదుటి దీపం ఒక్కటే తోడు.

ముందు రంగు గీకాలి,
ఉక్కు తన అసలు తెలుపు చూపేదాకా.
స్పిరిట్ గుడ్డతో తుడవాలి,
తుడిచాక వేలు తగలకూడదు,
చెమట చాలు, జిగురు అలుగుతుంది.
ఆపైన గాజు పోగు:
తలవెంట్రుక దీని పక్కన మోకు.
లోపలికెళ్ళిన వెలుగు గీతల దగ్గర తట్టుకుని
కంటికి ఆనని ఒకే ఒక్క రంగుని వెనక్కి పంపుతుంది.
ఉక్కు సాగితే ఆ రంగు రవ్వంత జరుగుతుంది.
అంతకు మించి ఏమీ చెప్పదు.
పక్కనే ఇంకో పోగు, దేనికీ అతకనిది,
చలి వాటా ఎంతో తీసెయ్యడానికి.

హీటరు పాడైంది.
ప్లాస్టిక్ పొర మీంచి అరచెయ్యి ఆనించి
అరగంట కూర్చున్నాను, పొదిగే కోడిలా.

అప్పుడొచ్చాడు ఇల్పో, వెల్డరు,
మరో పదహారు నెలల్లో పింఛను.
నా డ్రాయింగు తిరగేసి
మూలల్లో ఎందుకు పెట్టవన్నాడు.
మూల గోరంతని కొండంత చేస్తుంది,
కాస్త ఎడంగా ఉంటేనే ఓడ మాట వినపడుతుందన్నాను.
సుత్తి పిడితో యాభై తొమ్మిది మీద తట్టాడు,
అరవై మీద,
అరవై రెండు దగ్గర ఆగాడు.
"ఇది రాత్రి షిఫ్టు చివర్లో అతికింది.
ఎక్స్‌రే బాగుందంది.
నా చెయ్యే ఒప్పుకోలేదు."

డ్రాయింగులో అరవై రెండు లేదు.
పెట్టెలో ఒక పోగు మిగిలి ఉంది.

మార్చి. బోత్నియా అఖాతం.
తెరమీద పద్దెనిమిది గీతలు,
మంచుగట్టు ముక్కుకి తగిలినప్పుడల్లా
ఉలిక్కిపడి, సర్దుకుని.
ఇంత పెద్ద ఉక్కు సాగడమంటే ఎంత!
మీటరుకి మిల్లీమీటరులో మూడోవంతు.
ఆ మూలుగు కోసం ఇన్ని రాత్రులు.

పంతొమ్మిదో గీత, పట్టికలో పేరు లేనిది,
అన్నిటితోపాటే లేచింది,
అన్నిటితోపాటే దిగింది.

ఇల్పోకి ఫోన్ చేశాను.
చాలాసేపు పలకలేదు,
అటువైపు కాఫీ పొంగి పొయ్యిమీద చుయ్యిమంది.
"ఎన్నాళ్ళు చూస్తారు దాన్ని?"
ఓడ ఉన్నన్నాళ్ళూ.
"అయితే అప్పుడు చెప్పు."