పళ్లకు డొప్ప

తాడు లాగడం ఎవరైనా నేర్పుతారు.
దాలయ్య మామ నాకు
ఆపాక ఏం చెయ్యాలో నేర్పాడు.

"కోసినంతసేపూ నీకు బయం ఉంటాది,
ఆ బయమే నిన్ను కాస్తాది.
ఆపీసి బండిలో ఎక్కించినాక
మనిసి మర్సిపోతాడు.
పళ్లు మర్సిపోవురా గుంటడా."

అతని ఎడమ పిక్క మీద
దువ్వెనతో గీసినట్టు పదకొండు గీతలు.
చెట్టు కోస్తుంటే తగిలినవి కావు.
కంచిలి గేటు దగ్గర, ఆగిన ట్రాలీలో,
ఆగిన మిషను మీదికి
నిద్రమత్తులో జారినప్పటివి.

ముప్పై ఆరు అంగుళాల బారు మాది.
దాన్ని మేకుకు వేలాడదీయం.
మూతలు పైకుండేలా పక్కకి పడుకోబెడతాం,
కింద ఒక అట్టముక్క:
రాత్రంతా ఆయిలు కారుతుంది
ముసలి ఎద్దు చొంగలా.
పెట్రోలు డబ్బా వేరే గూట్లో, పొయ్యికి ఆమడ దూరం.
ప్లగ్గు విప్పి చొక్కా జేబులో.
ఇంట్లో నాలుగేళ్ల మనవడున్నాడు,
తాడు కనబడితే లాగి చూసే వయసు.

ఇంకొకటి కూడా చెప్పాడు.
వేడి మీద గొలుసు సాగుతుంది,
అప్పుడు బిగించినది అలాగే వదిలేస్తే
చల్లారి కుంచించుకుని
పొద్దుటికి బారును కొరికి పట్టుకుంటుంది.
"పని అవ్వగానే నట్టు ఒదులు సెయ్యాల,
తెల్లారీదాకా ఉంచకూడదు."
ఈ మాట చెప్పేనాటికి
అతనూ అత్తా మాట్లాడుకోక మూడోవారం.

మొన్నటి గాలి తర్వాత
కవిటి అవతల పారమ్మ తోటలో
మూడు రోజులు కోశాం.
అడ్డంగా పడ్డ కొబ్బరిచెట్లు, వాటి మీద పనస,
పనస కింద ఆమె కోళ్లగూడు.
ఆమె ఏడవలేదు. మొద్దుకింత అని బేరమాడింది,
పొడవు తగ్గితే మళ్లీ కొలిపించింది.
చివరి సాయంత్రం చూస్తే
బారు తొడుగు కనబడలేదు.
ఏ మొద్దు కింద నలిగిపోయిందో, నారింజరంగు ప్లాస్టిక్కు,
ఆకుల్లో ఎంత వెతికినా దొరకలేదు.

రోడ్డు తెరిచాక వచ్చిన మొదటి బస్సు అది.
కండక్టరు మెట్టు మీదే అడ్డంగా నిలబడ్డాడు.
"ఏటది? పెట్రోలు వాసనొస్తంది.
ఆ కోరలేటి, జనాన్ని కొయ్యడానికా?"

మామ వాదించలేదు. కిందికి దింపి
ట్యాంకు చివరి బొట్టుదాకా డబ్బాలో వంచాడు,
మూత తెరిచి గాలికి ఆరనిచ్చాడు.
బస్సులో జనం కేకలు.
డబ్బా పారమ్మ చేతికిచ్చి
"పొయ్యి దగ్గర మాత్రం పెట్టకు" అన్నాడు.
పళ్ల సంగతే మిగిలింది.

పారమ్మ బారు వైపు చూసింది,
మూరతో కొలిచింది,
కూలిన చెట్టు తలలోంచి
గెల విడిచిన డొప్ప ఒకటి విరిచి తెచ్చింది.
దోనెలా ఉంది, చెక్కంత గట్టి.
బారు అందులోకి
ఒరలోకి కత్తిలా దిగింది.
కొబ్బరితాడుతో మూడు చోట్ల ఆమే ముడేసింది.
కోసిన దాని పళ్లకి
కోయించుకున్న చెట్టు తొడుగు.
అలా అని అప్పుడు నాకు తోచలేదు,
బస్సు దొరికిందని సంబరం అంతే.

వెనక సీటు కింద
ఇంజను గోడవైపు, మొన ఎవరి కాళ్లకీ ఎదురవకుండా,
సీటు కాలికి కట్టేశాం.
సోంపేట దాకా మామ నిద్రపోలేదు.
పట్టుకోవలసిన పని లేకపోయినా
పిడి మీద చెయ్యి తియ్యలేదు.
నేను మాత్రం అతని భుజం మీద తల పెట్టి
నోరు తెరుచుకుని పడుకున్నాను.

బరంపురం నుంచి కొత్త తొడుగు తెప్పించాం.
డొప్ప ఎండి ఒకవైపు నెర్రె విచ్చింది.
పారెయ్యమంటే మామ వినడు,
ఆయిలు గుడ్డతో దాన్నీ తుడుస్తాడు.

నిన్న పారమ్మ కబురు పంపింది:
"మీ డబ్బా ఇంకా మా పెరట్లోనే ఉంది.
వొచ్చి అట్టుకుపోండి బావూ,
దాని కంపుకి నా కోళ్లు
ఇటేపు రానంటన్నాయి."