వినపడలేదు

కావలి నుంచి ఉలవపాడు, ఉలవపాడు నుంచి కావలి.
వెనక కట్టిన థర్మాకోల్ పెట్టెలో
ఎవరెవరివో చెరువుల నీళ్ళు,
మంచుముక్కల్లో ఆరేడు రొయ్యలు.
తెల్లమచ్చ ఉందో లేదో
సాయంత్రానికి ల్యాబులో తేల్చాలి.

డెబ్బై దాటితే మొదలు.
హోరు కాదది. హోరు సముద్రానిది, దానికో తాళముంటుంది.
ఇది హెల్మెట్‌లో దూరి ఎవరో
తవుడు సంచి దులుపుతున్నట్టు.
తలను ఒక చెయ్యి ఎడమకీ, ఇంకో చెయ్యి కుడికీ
నాదంటే నాదని గుంజుకుంటున్నట్టు.
చీమకుర్తి రాయి మోసుకుని కృష్ణపట్నం పోయే లారీ
పక్కన దాటితే
ముందొక చెంపదెబ్బ,
ఆ వెంటనే చొక్కా పట్టుకుని లోపలికి లాగడం.

ఇంటికొచ్చి స్టాండు వేశాక కూడా
నా చెవులు తెట్టు దగ్గరే ఉండిపోయేవి.
సుగుణ ఏదో అడుగుతుంది.
వినపడలేదు, అంటాను.
రెండోసారీ వినపడలేదు.
మూడోసారి అడగదు, గిన్నె గట్టిగా పెడుతుంది.
అది వినపడుతుంది.

పెద్ద అద్దం వేయిస్తే పోతుందన్నారు.
ఒంగోలు పోయి, పద్దెనిమిది వందలు పోసి
గడ్డం దాకా వచ్చేది బిగించుకొచ్చాను.
గుండెకి గాలి తగలడం మానింది.
తలకి రెండింతలైంది.
దూది పెట్టాను. మెడకి తువ్వాలు చుట్టాను.
ట్యాంకు మీద గడ్డం ఆనించి
పందెం కుర్రాడిలా వంగి నడిపితే
మోచర్ల టీ కొట్టు ముందు
పొగాకు బేళ్ళ మీద కూర్చున్నవాళ్ళు
ఈల వేశారు. (అదీ వినపడలేదు,
నోళ్ళ ఆకారం చూసి చెప్తున్నా.)

ట్రంకు రోడ్డులో సీటు కవర్లు కుట్టే కాలేషా
మిషను ఆపి, అద్దం వంక చూసి, నా వంక చూసి,
డబ్బాలోంచి ఎర్ర ఉన్ని తీశాడు.
జానెడేసి ముక్కలు కత్తిరించి
అద్దానికి వరసలుగా టేపుతో అంటించాడు.
“గాలి కంటికి కనపడదు గదబ్బయా,
దానికి తోకలు కట్టినా. పోయి నడిపి చూడు.”

నడిపాను.
కింది వరస ముక్కలు బుద్ధిగా
దువ్విన జడల్లా వెనక్కి వాలాయి.
అంచు మీదవి మాత్రం
పూనకమొచ్చినట్టు తిరిగి, మెలిపడి,
వాటిని అవే కొట్టుకుని
చివరికి నా ముఖం మీదికే వంగాయి.

ఇన్నాళ్ళూ పడమటి గాలిని తిట్టాను.
నేను డబ్బిచ్చి కొన్న అంచు దగ్గర
విరిగి పడుతోంది అది.

“ముక్కలైన గాలే కొట్టేది.
నిండు గాలి తోస్తాది, అంతే” అంటూ కాలేషా
తన పొట్టి వేళ్ళు నాలుగు ఆనించి గీత గీశాడు,
రంపం బ్లేడుతో కోశాడు,
ఉప్పుకాగితంతో అంచు నున్న చేశాడు.
హెల్మెట్ గడ్డం కింద
మిగిలిన రెగ్జిన్‌తో ఒక పట్టీ కుట్టాడు.
“యాభై ఇయ్యి. ఉన్ని మా చెల్లెలిది,
దాంతో మాత్రం చెప్పబాక.”

మర్నాడు తెల్లవారుజాము.
గాలి ఉంది. ఎక్కడికీ పోలేదు.
ఛాతీ మీద అరచెయ్యి ఆనించి
మాట్లాడకుండా నెడుతోంది.
తల తలలా ఉంది.
చేవూరు దాటాక ఏదో కీచుమంది,
ఏ పిట్టో అనుకున్నాను. చైను.
నూనె కోసం ఎన్ని నెలలుగా మొత్తుకుంటోందో పాపం.
పెట్టెలో సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి.
తీయడం మరచిన ఎర్ర ముక్క ఒకటి
అద్దం మీద కదలకుండా పడుకుంది.

తెట్టు దగ్గర రోడ్డు దిగాను.
ఈసారి చెవులు నాతోపాటే దిగాయి.
గట్టు వెంట, చీకట్లో, చెరువు తర్వాత చెరువు
ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు.
తర్వాత ఒకచోట
ఆ చప్పుడులో ఒక గుంట.

బండి ఆపి మాల్యాద్రికి ఫోన్ చేశాను.
“నీ మూడో చెరువులో చక్రాలు ఆగిపోయాయి.”
“నీకెట్లా తెలిసిందయ్యా ఈ చీకట్లో?”
“వినపడలేదు” అన్నాను.

అవతల జవాబు లేదు.
గట్టు మీద తడి చెప్పులు
పరిగెత్తుతున్న చప్పుడు.