వాటం

యాకుత్స్క్ బజారులో కొన్నాను మొదటి కత్తి,
అడవిలో ఏరిన ఎర్రపళ్లు అమ్మిన డబ్బుతో.
వీపున రంపం పళ్లు. పిడి చివర దిక్సూచి.
పిడి బోలు, లోపల అగ్గిపుల్లలు, గాలం, సూదీ దారం.
ఒక్క కత్తిలో ఓ సంసారం.
మా మేనత్త మార్ఫా ఇటు తిప్పి, అటు తిప్పి
"సంత బావుంది. కత్తేదీ?" అంది.

నవంబరు. నలభై రెండు.
సున్నాకి కిందా పైనా అని
మా వైపు ఎవరూ అడగరు.
లార్చ్ దుంగ మీద అలుగు ఆనించి
వెనక నుంచి ఒక్క దెబ్బ వేశానో లేదో
పిడి నా చేతిలో, అలుగు మంచులో.
దిక్సూచి మాత్రం ఉత్తరం చూపిస్తూనే ఉంది.
ఆ రాత్రి నిప్పు రాజేసింది అత్త కత్తే.
తను ఏమీ అనలేదు.
అనకపోవడమే రాత్రంతా వినిపించింది.

లేనా నది గట్టిగా గడ్డకట్టాక
దాని వీపు మీదుగానే బండి తోలుకుంటూ
కమ్మరి బ్యోతూర్ దగ్గరికి వెళ్లాం.
గోడ నిండా కత్తులు, ఒక్క తల్లి పిల్లల్లా.
బిర్చి చెట్టు బుడిపెలోంచి తొలిచిన పిడి,
కోడిగుడ్డును సాగదీసినట్టు.
అలుగుకి ఒక పక్క పొట్ట, ఒక పక్క చదును,
చదునులో సన్నటి కాలువ.
ఆవు తోక తోలు తొడిగిన ఒర.

నేను ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లాను.
ఎంత పొడుగుండాలి?
"నీ అరచెయ్యి వెడల్పుకి ఒకటిన్నర.
అంతకు మించితే దాంతో పోట్లాడతావు, పని చెయ్యవు."
ఏ ఉక్కు?
"పాత లారీ స్ప్రింగు.
ఇరవై ఏళ్లు మన రోడ్లని ఓర్చుకుంది, నిన్ను ఓర్చుకోదా?"
తుప్పు పడుతుందా?
"పడుతుంది. తుడుచుకో. ముక్కు తుడుచుకోవూ?"

తర్వాతి ప్రశ్న వెతుక్కుంటుంటే
పొయ్యి పక్క బుట్టలోంచి బంగాళదుంప తీసి
మొహం మీదికి విసిరాడు.
పట్టుకున్నాను.
దుంపని చూడలేదాయన. చేతిని చూశాడు.

పుర్రచెయ్యి.
ఒకటో తరగతిలో టీచరమ్మ స్కేలు పుచ్చుకుని
కుడికి మార్చిన చెయ్యి.
రాయడం మారింది. పట్టడం మారలేదు.

"ఈ గోడ మీద నీ కత్తి లేదు పో.
వీటి పొట్టలన్నీ కుడి వాటానికి.
నువ్వు చెక్క చెక్కితే దిగబడతాయి,
చేపని చెక్కితే జారిపోతాయి.
ఇన్నాళ్లూ నీ చేతకానితనం అనుకున్నావు, అవునా?"

అనుకున్నాను.
ఆ ప్రశ్న కాగితం మీద లేదు.

మూడు వారాలు ఆగమన్నాడు. ఐదయ్యాయి.
రంపం కత్తికి పెట్టినదానికి రెండింతల ధర,
సగం అప్పు, వేసవి చేపలతో తీరేట్టు.
కాలువ ఎదురు పక్కకి మారి,
గోడ మీది కత్తిని అద్దంలో చూసినట్టుంది నాది.

ఇంటికెళ్లే దాకా ఆగలేకపోయాను.
నది మధ్యనే బండి ఆపించి, లార్చ్ పుల్ల తీసి చెక్కితే
పేడు తర్వాత పేడు లేచి, ఊడకుండా వంపు తిరిగి,
ఎండుపుల్ల పూత పూసింది.
ఒక్క అగ్గిపుల్ల చాలింది.
తొడుగు విప్పిన చేతిని పిడి కొరకలేదు.
అత్త అటు తిరిగి మంచు చూస్తూ కూర్చుంది,
చూడ్డానికి అక్కడేదో ఉన్నట్టు.

మొన్న వేట గుడిసెలో
తన కత్తి కనబడక నాది లాక్కుంది.
గడ్డకట్టిన చేపని తోక పైకి నిలబెట్టి చెక్కితే
రేకుల్లా రావలసినవి చెప్పు అట్టల్లా వచ్చాయి.
"ఏం కత్తే నరియానా ఇది, చెప్పిన మాట వినదు!"
చేప నేను తీసుకున్నాను.
దీపం అవతల కనిపించేంత పల్చగా
ముక్కలు చుట్టలు చుట్టుకుంటూ రాలాయి.
ఉప్పూ మిరియాలూ అద్దుకుని
కరిగిపోకముందే తినాలి.

"రా అత్తా" అన్నాను.
తను ఇంకా దుప్పట్ల కింద
తన కత్తి కోసం తడుముతోంది.