చెప్పిన చోటే

అవిలాలలో మూడో అంతస్తు, తూరుపు వాకిలి.
కొర్లగుంటలో ముప్పై ఏండ్ల మిద్దె, పదారంకణాలు.
రెండిట్లో ఏదో ఒకటి తేల్చమని
బ్యాంకాయన బుధవారం దాకా గడువిచ్చినాడు.

ఇరవై ఆరేండ్లుగా బేల్దారిని.
నేను లేపిన గోడల్ని వరసగా నిలబెడితే
కరకంబాడి దాటి పోతాయి.
అద్దె మాత్రం నెల నెలా ఐదో తేదీన
ఎవురి గోడకో కడతా వచ్చినాను.

అవిలాల అపార్టుమెంటు నా చేతిదే.
అందుకే ఓనరు పరంధామ నాయుడు
"నీకైతే రెండు లచ్చలు తక్కువ, చెంగల్రాయా" అన్నాడు.
టైల్సు మీద ప్లాస్టిక్కు కాయితం ఇంకా ఒలవలేదు.
కుళాయి తిప్పితే గాలి దగ్గింది, నీళ్ళు రాలేదు.
మా బావమరిది దొరస్వామి
లిఫ్టు అద్దంలో తల దువ్వుకుంటా అన్నాడు:
"కొత్తది దొరికేటప్పుడు పాతదాని మాటెందుకు బావా?"

రెడ్డెమ్మ వంటింటి గట్టు మీద
అరచెయ్యి ఆనించింది,
అప్పుడే పుట్టిన దూడను తాకినట్టు.
"ఇసక మోసినాను ఎన్నిండ్లకు.
పాలు పొంగేటప్పుడు వాకిట్లో నిలబడి
పెట్టిన చీర తీసుకోని పక్కకు జరిగినాను.
ఒక్కసారి నా గిన్నెలో పొంగనీ."

నేను మాట్లాడలేదు.
బాత్రూము గోడనే చూస్తా ఉన్నాను.

మొన్న ఎండాకాలం మూడు దినాలు ట్యాంకరు రాలేదు.
గోనెపట్టాలు గోడ మీద అప్పడాల మాదిరి ఎండినాయి.
నాయుడికి ముహూర్తం తొందర.
నాకు శనివారం కూలి తొందర.
తడి తాగని గోడకు అట్లే పూత పూసేసినాను.
పైకి అద్దం నునుపు.
లోపలేముందో దానికీ నాకే తెలుసు.

కొర్లగుంట ఇంటాయన
ఘాటు రోడ్డు బస్సు తోలి రిటైరైనాడు.
మలుపుకు ముందే హారను కొట్టే అలవాటు
మాటకు కూడా పట్టినట్టుంది.
"ఈడ తల కాపాడుకో, గుమ్మం పొట్టిది.
ఈ స్విచ్చి తడి చేత్తో ముట్టొద్దు.
కార్తీకంలో ముసురు పడితే ఈ మూల కారుతుంది.
ఇదిగో, ఈ నల్లబండ కాడ.
రాత్రికి రెండు బక్కెట్లు."
వేలి కణుపుతో గోడంతా తట్టినాను.
కొన్ని చోట్ల డొల్ల, కొన్ని చోట్ల గట్టి.
ఆయన చెప్పిందే మోగింది.

"వాడిన ఇల్లు" అనింది రెడ్డెమ్మ బయటికొచ్చినాక.
"నా పెండ్లికీ మా అక్క కట్టి ఇడిచిన పట్టుచీరే కట్టించినారు."
లీలామహల్ కాడ టీ వచ్చేదాకా
ఇంకో మాట లేదు.
టీ సల్లారినాక చెప్పినాను
ఆ మూడు దినాల సంగతి.
గ్లాసు కింద పెట్టి
చాలాసేపు నా చేతుల్నే చూసింది,
ఎవురివో అన్నట్టు.

బుధవారం కొర్లగుంట అని చెప్పినాం.

పాలు పొంగినాయి.
పాత గట్టు మీద, జిడ్డు మరకల పక్కన
పసుపు బొట్లు పెట్టి
రెడ్డెమ్మ నవ్వింది, సగమే.

ఇప్పుడు కార్తీకం. ముసురు పట్టి మూడో రాత్రి.
డ్రైవరు చెప్పిన మూలలో, చెప్పిన నల్లబండ కాడ
టప్ మంటా ఉంది.
ఒక బక్కెట్టు నిండింది. రెండోది పెట్టినాను.

నాకు నిద్ర పట్టనిది దీనివల్ల కాదు.
అవిలాల మూడో అంతస్తు
జిరాక్సు అంగడి పిల్లోడు కొన్నాడు.
గృహప్రవేశానికి పిలిచి, భుజాన టవలు కప్పి
"గోడ అద్దం మాదిరుంది మేస్త్రీ" అన్నాడు.
వాని పెండ్లాం, కడుపుతో ఉండాది,
దాని అవతలి పక్కనే ఉయ్యాల కొక్కెం ఎక్కడొస్తుందో
మూరతో కొలుస్తా ఉండింది.
నేను పాయసం తిన్నాను.
రెండోసారి కూడా పోయించుకున్నాను.

రెడ్డెమ్మ గోడ పక్కకు తిరిగి పడుకోనుంది.
నిద్ర పోయిందనుకున్నాను.
"ఆ పిల్లకు చెప్పినావా?" అనింది.

టప్.

లేచి కూచోని
తాపీ యాడ పెట్టినానా అని
చీకట్లో మంచం కింద తడుముతా ఉన్నాను.