ఎత్తిన చేతులు

టల్లక్,
ఈ ఉదయం గాలి మళ్లీ వాయవ్యానికి తిరిగింది.
స్ట్రామ్‌నెస్ రేవులో పడవల తాళ్లు మూలుగుతున్నాయి.
పొయ్యి మీద కెటిల్ పెట్టి
కిటికీ దగ్గర నిలబడితే
నా రెండు చేతులూ వాటంతట అవే
భుజాల దాకా లేచాయి.
ఎనభై ఒకటో ఏట కూడా ఇవి డ్యూటీ దిగలేదు.

ఆ రోజు సముద్రం సముద్రంలా లేదు.
ఎవరో సగం దున్ని వదిలేసిన కొండ.
నార్వేకి పైన, ఫిబ్రవరి,
మధ్యాహ్నం రెండింటికే దీపాలు వెతుక్కునే చోటు.
డెక్కు మీద ఉప్పునీరు పడ్డచోటే గడ్డకట్టేది;
కుర్రాళ్లు పారలతో గీకుతూ పోతుంటే
వాళ్ల మడమల వెనకాలే మళ్లీ పేరుకునేది.
ఓడ వెనక కొస నలభై అడుగులు లేచి
నలభై అడుగులు కూలేది.
కూలినప్పుడు నేను కిందికొచ్చినా
నా కడుపు పైనే ఉండిపోయేది.

నువ్వు నాలుగు గంటలుగా
కప్పులేని ఆ గుడ్డరెక్కల విమానంలో
జలాంతర్గామి కోసం వెతుకుతున్నావు.
వెనక పెన్‌రోజ్, వేళ్లు ఆడక
పెన్సిల్ పళ్లతో పట్టుకుని పటం మీద గీశాడట.
అతని వెనక డాబీ, పంతొమ్మిదేళ్లవాడు,
వాళ్లమ్మ అల్లిన మేజోళ్లు చేతులకు తొడుక్కున్నాడట.
ఇవన్నీ తర్వాత డాబీయే చెప్పాడు.
చెప్పడానికి వాడొక్కడే మిగిలాడు.

నా చేతుల్లో రెండు బ్యాట్లు, వాటి అంచున బల్బులు.
గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారమంటారు.
ఆ పూట దీపం పట్టుకున్నదీ నేనే,
భారమూ నాదే.

మన భాషలో మాటలు తక్కువ.
చేతులు చాపితే, సరిగ్గా వస్తున్నావు.
దించితే, దిగు.
ఎత్తితే, పైకి లే.
ఛాతీకి అడ్డంగా కోస్తే, ఇంజనాపు, ఇల్లు చేరావు.
నలభై ఏళ్ల కాపురంలో నా భార్యతో కూడా
ఇంత సూటిగా మాట్లాడలేదు.

కానీ నువ్వు ఎగరడం నేర్చింది ఫ్లోరిడా ఎండలో,
అమెరికన్ల దగ్గర.
మన చేతులు ఏం చెయ్యాలో చెబుతాయి;
వాళ్లవి, నువ్వెలా ఉన్నావో.
వాళ్లు ఎత్తితే అర్థం: మరీ ఎత్తులో ఉన్నావు.
అంటే, దిగు.
నువ్వొచ్చిన మొదటి రాత్రి మెస్సులో
కోకో తాగుతూ దీనికెంత నవ్వామో!
"బట్టీ పట్టింది మరవడానికో వారం పడుతుంది" అన్నావు.
పదకొండు వారాలు సరిగ్గానే దిగావు.
ముప్ఫై రెండుసార్లు.

ముప్ఫై మూడోసారి మంచు చీల్చుకుని వచ్చావు.
తాగినవాడి భుజాల్లా రెక్కలు ఊగుతున్నాయి.
ఓడ లేస్తోంది. అరికాళ్లకు తెలుస్తోంది.
చేతులెత్తాను.
ఇంకా ఎత్తాను, మునివేళ్ల మీద నిలబడి,
భుజం కీలు ఊడేలా.
విమానం ముక్కు
కొంచెం
దిగింది.

విచారణ కాగితంలో ఒకే వాక్యం:
ఓడ ఊగిసలాట అసాధారణం.
డిస్ట్రాయర్ వాళ్లు కొక్కెం కర్రతో డాబీని లాగినప్పుడు
ఒక చేతికి మేజోడు ఇంకా ఉంది.

అలసిన బుర్ర పాత భాషలోకి జారిందా,
వేళ్లు మొద్దుబారాయా,
గాలి చేసిన పనా,
అడగడానికి నువ్వు లేవు.
ఓడినవాణ్ని చేతులెత్తేశాడంటారు.
మొక్కేవాడూ ఎత్తుతాడు, లొంగేవాడూ ఎత్తుతాడు.
నేనెత్తింది లేవమని, టల్లక్. లేవమని.

యుద్ధం అయిన మూడేళ్లకో నాలుగేళ్లకో
మనవాళ్లూ అమెరికన్ల సంజ్ఞలే తీసుకున్నారు.
ఓ కుర్ర అధికారి బోర్డు మీద సుద్దతో మనిషి బొమ్మ గీసి
ఇకనుంచి ఎత్తడమంటే దిగమని, అన్నాడు.
వెనక బల్ల మీద కూర్చుని
పుస్తకంలో రాసుకున్నాను.
మర్నాడు పని మానేశాను.

ఇప్పుడు కింద వీధిలో
చేపల వ్యాను వెనక్కి తీస్తున్న రెండాల్ మనవడు
అద్దంలోంచి నన్ను చూసి
బ్రేకు వేశాడు.
కెటిల్ ఈల వేస్తోంది.
వాడు తల బయటపెట్టి చూస్తూనే ఉన్నాడు,
రమ్మంటున్నానో
ఆగమంటున్నానో తెలియక.