ముక్కుపొడి రంగు పైకి ఉంటే

బుధవారం. బెండిగోలో జూలై చలి.
లైబ్రరీ అద్దాల మీద మా ఊపిర్లే పొగమంచు.
బడికి సెలవులు కదా,
పిల్లల బల్ల మీద పాత పేపర్లు పరిచి
నా దుకాణం తెరిచాను:
మొద్దు కత్తెరలు ఆరు, జిగురు గొట్టాలు మూడు,
బిస్కెట్ డబ్బాలో రిబ్బన్ ముక్కలు,
ఒక్క బెజ్జానికి రెండుసార్లు నొక్కించుకునే
మొండి పంచింగ్ మిషను,
పెయింట్ల షాపువాళ్ళు ఊరికే ఇచ్చే
రంగుల చీటీలు ఒక కట్ట.

పుస్తకంలో గుర్తుకి ఇంతకంటే ఏం కావాలి?
నిజానికి ఇంత కూడా అక్కర్లేదు.
తిరిగొచ్చిన పుస్తకాలు దులిపేది నేనే, నాకు తెలుసు:
ట్రామ్ టికెట్టు, పళ్ళ డాక్టరు చీటీ,
ఒకసారి మాండరిన్ తొక్క,
నూట పన్నెండో పేజీకి అతుక్కుపోయి
ఇంకా కాస్త వాసన వేస్తూ.
నేను మాత్రం తక్కువా?
ఇంట్లో నా పుస్తకాలన్నిటికీ తలపిన్నులే కాపలా.

చీటీల వెనక రంగులకి పెద్ద పెద్ద పేర్లు,
తడిసిన గులకరాయి అని, ఆదివారం మీగడ అని.
నాకు మాత్రం మా పిన్ని చీరల కొట్టులో
నేర్చిన పేర్లే నోటికొస్తాయి.
ఇది కనకాంబరం. ఇది చిలకపచ్చ.
ఇది నెమలికంఠం. ఇది ఉల్లిపొర.
పిల్లలు నవ్వి, మళ్ళీ చెప్పమంటారు.
ఉల్లిపొర అనబోయి ఒకడు "ఉల్లీ, పోరా" అన్నాడు.
ఉల్లి పోలేదు.

తొమ్మిదేళ్ళ బ్రయొనీ రెండు చీటీలు తీసుకుంది.
ఒకటి నెమలికంఠం.
రెండోది, ఎవరూ ముట్టని ముక్కుపొడి రంగు.
వీపుకి వీపు ఆనించి అతికించింది.
మూలలు గుండ్రంగా రాక
నాలుక బయటపెట్టి కత్తెరతో కుస్తీ పట్టింది.
"ఒకటి చాలదూ?" అన్నాను.

"మాకు రెండిళ్ళు" అంది,
జిగురు వేలు జాకెట్టుకి తుడుచుకుంటూ.
"బుధవారం సాయంత్రం దాకా అమ్మ చదువుతుంది.
ఆ తర్వాత నాన్న.
అమ్మ ఎక్కడ ఆపిందో నాన్న అడగడు.
అడగలేదని అమ్మ చెప్పదు.
నేను చెబుదును గానీ
ఒక్కోసారి మధ్యలోనే నిద్రపోతాను."

నెమలికంఠం పైకి ఉంటే అమ్మ వంతు.
ముక్కుపొడి పైకి ఉంటే నాన్నది.
ఆయన ట్రక్కు ఆ రంగేనట.

అయిదింటికి వచ్చాడు లాక్లన్,
బూట్ల బురద తలుపు దగ్గరే దులుపుకుని.
చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు.
ఏం అర్థమైందో, ఏం అడగలేదు.
కింద పడ్డ రిబ్బన్ తీసి బెజ్జంలోకి దూర్చి
సరుకు మీద తాడు బిగించినట్టు
ఒక ముడి వేశాడు.
"ఇక ఊడదు" అన్నాడు, ఎవరితోనో.

ఆగస్టు ఆఖర్లో, రాత్రిపూట పుస్తకాలు వేసే పెట్టెలో
ఆ పుస్తకం దొరికింది,
దారి తప్పిన గొర్రెకుక్క కథ.
దులిపాను. ఏం రాలలేదు.
తెరిస్తే, ఆఖరి అధ్యాయం మొదట్లో
చెక్కు చెదరని ముడి.
ముక్కుపొడి రంగు పైకి ఉంది.

ఎవరు వేసి పోయారో.
గడువు దాటుతుందని భయపడ్డారో,
మూడో ఇల్లేదైనా మొదలైందో.
మా పద్ధతి ప్రకారం గుర్తు డ్రాయర్లోకి,
పుస్తకం అరలోకి పోవాలి.

తిరిగొచ్చినట్టు రాయలేదు నేను.
గడువు ఇంకో మూడు వారాలు జరిపి
నా కుర్చీ వెనక పెట్టుకున్నాను.
మిగిలింది ఇరవై రెండు పేజీలు.
కుక్క ఇల్లు చేరిందో లేదో చూడాలని
చెయ్యి రెండుసార్లు వెళ్ళింది.
వంతు నాది కాదు.

ఇవాళ బుధవారం.
ఇంకా నాలుగున్నరే అయింది.